ఉత్తుత్తి బిళ్లలవారికి జరిగిన న్యాయం

"నా హయాంలో కొవ్వుకు నిలువ నీడ లేకుండా చేస్తాను!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ శాఖలో తూకం గుమాస్తాని. చాలామంది మంత్రుల్ని చూశాను గానీ, సైన్సు మీద ఇంత చొరవ తీసుకున్నవారిని చూడలేదు.

బరువు తగ్గించే బిళ్ల ఒకటి వచ్చింది. అది పనిచేస్తుందో లేదో తేల్చాలి. లావుపాటివాళ్లు రెండువందల మంది పేర్లిచ్చారు. సగంమందికి అసలు బిళ్ల, సగంమందికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్తుత్తి బిళ్ల ఇవ్వాలంది ఆ పరీక్ష చూసే డాక్టరమ్మ.

"ఎవరిది ఏ బిళ్లో ఎవరికీ తెలియకూడదు సార్."

"రహస్యమా?" మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ప్రజల దగ్గర దాపరికమా? మాది పారదర్శక ప్రభుత్వమమ్మా! జాబితాలు నోటీసు బోర్డులో పెట్టించండి."

పెట్టించారు. ఉత్తుత్తి జాబితాలో మూడో పేరు మా బావది. బావ బస్సు డ్రైవరు. నెలన్నరలో పన్నెండు కిలోలు తగ్గకపోతే స్టీరింగు ముట్టుకోనివ్వనని డిపో మేనేజరు కాగితం ఇచ్చాడు. అక్క ఆఫీసుకే వచ్చి నన్ను కడిగేసింది.

"కాటా దగ్గర కూర్చునేవాడివి, సొంత బావకి అసలు బిళ్ల ఇప్పించలేవా? ఎందుకురా నీ ఉద్యోగం?"

"బోర్డెక్కేసిందక్కా. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు."

బావ ఊరుకునే రకం కాదు. మర్నాటికల్లా ఉత్తుత్తి బిళ్లల బాధితుల సంఘం వెలిసింది. రోజూ డిపో నుంచి మా ఆఫీసుకు రెండు గంటల ఊరేగింపు. లిఫ్టు అసలువారికే కేటాయించారు కాబట్టి, మాకూ అసలు బిళ్లే కావాలని వినతిపత్రం ఇవ్వడానికి ఐదంతస్తులూ మెట్లెక్కడం. మధ్యాహ్నం నిరాహార దీక్ష. సాయంత్రం మళ్లీ నడక. అసలువారు మాత్రం మా క్యాంటీన్లో దర్జాగా కూర్చుని, "బిళ్ల పడింది కదా, ఇంకో ప్లేటు పట్రావయ్యా" అనేవారు.

ఆరో వారం తూచాను. అసలువారు సగటున రెండు కిలోలు పెరిగారు. ఉత్తుత్తివారు తొమ్మిది తగ్గారు. బావైతే పదకొండున్నర! డిపోలో తూకానికి ఇంకా రెండు రోజులుంది. అరకిలో ఎంతసేపు? నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ లెక్కలు చూపించింది. మంత్రిగారు ఒక్క నిమిషం ఆలోచించారు.

"పాపం, వాళ్లకి అన్యాయం జరిగింది. డిమాండ్లన్నీ ఒప్పుకుంటున్నాం."

గంటలో పండ్లరసంతో, విలేకరులతో దీక్షా శిబిరానికి వచ్చారు. బావ ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"అయ్యా, మీకు పుణ్యముంటుంది. ఇంకో రెండు రోజులు మాకు అన్యాయం చెయ్యండి!"

"చూశారా, ఆకలికి మతి చలించింది" అని మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. అసలు బిళ్ల స్వహస్తాలతో బావ నోట్లో వేసి, రసం పోశారు. అందరికీ బిళ్లలు పంచాక, వీళ్లని అసలు జాబితాలోకీ, క్యాంటీన్లో ఉన్నవారిని ఉత్తుత్తి జాబితాలోకీ మార్పించారు.

"ఇప్పుడు తూచవయ్యా" అన్నారు నాతో.

తూచాను. అసలు జాబితా తొమ్మిది కిలోలు తగ్గింది. ఉత్తుత్తి జాబితా రెండు పెరిగింది. సైన్సు అంటే అదీ!

"మరి వీళ్ల నడక సార్..." అని నసిగింది డాక్టరమ్మ.

"నడిపించింది కూడా బిళ్లే అని రాసెయ్యమ్మా."

బావ ఫోటోతో డబ్బాలు మర్నాటికే అచ్చయి వచ్చాయి. మా శాఖలో అంత వేగం నేనెన్నడూ ఎరగను. ఆ రెండు రోజులూ బావకి సన్మానాలు, విందులు. తినకపోతే మంత్రిగారు చిన్నబుచ్చుకుంటారని ఆయన మనుషులు పక్కనే నిలబడి మరీ వడ్డించారు.

డిపోలో బావ కాటా ఎక్కాడు. ఉండాల్సినదానికన్నా కిలోన్నర ఎక్కువ. స్టీరింగు ఇచ్చేది లేదన్నాడు మేనేజరు. బావ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మేనేజరు మంచివాడే. సొరుగులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద బావ నవ్వుతున్నాడు.

"దీంతో ఒక్క పూటలో పదకొండున్నర తగ్గావటగా! రెండు వేసుకుని అలా బయట కూర్చో. గంటాగి మళ్లీ తూస్తాను."