మంత్రిగారి ఒంట్లో ఆవిర్లు

"యాభై దాటిన ఏ తల్లికీ మతిమరుపు రానిచ్చేది లేదు!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించేశారు. ఇక రావడానికి మతిమరుపుకు ఎన్ని గుండెలు! వెనువెంటనే, నెలసరి ఆగిన ఆడవాళ్లకిచ్చే హార్మోన్ చికిత్స మీద బ్రహ్మాండమైన సభ కూడా ఏర్పాటు చేయించారు.

సరిగ్గా ఆ రోజే పీఏగారికి ఒక పూట సెలవు కావాల్సొచ్చింది. ఆవిడకి యాభై రెండు. మంత్రిగారి బుర్ర అంటే నిజానికి ఆవిడే. ఏ సభలోనైనా ఆయన కుర్చీ వెనక తెరచాటున నిలబడి చెవిలో ఊదుతుంది, ఆయన పొల్లుపోకుండా మైకులో అనేస్తారు. ఎదుటివాళ్ల పేర్లు, పథకాలు, ఆఖరికి తన శాఖ పేరూ అంతే. అలాంటి మనిషికి రెండేళ్లుగా ఉన్నట్టుండి ఆవిర్లు, నిద్ర లేదు, మాట నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇది ముదిరితే ఉద్యోగం ఊడుతుందని ఒకటే భయం.

"డాక్టరుగారికి చూపించుకోవాలి సార్. ఆ హార్మోన్ల సంగతే."

"ఆడవాళ్ల ఆరోగ్యం కోసం నేను ప్రాణం పెడుతుంటే, మధ్యలో నీ ఆరోగ్యం గోలేమిటమ్మా! పైగా ఆ డాక్టరు మన స్టేజీ మీదే ఉంటాడు."

ఉన్నాడు. తెరకి అవతల.

సభ మొదలైంది. "అక్కచెల్లెళ్లారా" అని ఊదింది పీఏ. "అక్కచెల్లెళ్లారా!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు. ఆ తర్వాతి ముక్క ఆవిడకి చటుక్కున ఎగిరిపోయింది.

"అయ్యో, ఏదో ఉండాలే..." అని గొణుక్కుంది.

"అయ్యో, ఏదో ఉండాలే!" అన్నారు మంత్రిగారు గంభీరంగా.

"నా మతి మండ! ఒక్క ముక్కా గుర్తుండి చావట్లేదు."

"నా మతి మండ! ఒక్క ముక్కా గుర్తుండి చావట్లేదు!"

"ఒళ్లంతా ఆవిర్లు. నెలసరి ఆగిన దగ్గర్నుంచీ ఇదే వరస."

అదీ అనేశారు, పిడికిలి బిగించి మరీ. సభ హోరెత్తిపోయింది. ముందు వరసలో ఒక పెద్దావిడ "నా కడుపులో మాట చెప్పావు నాయనా!" అని ఏడ్చేసింది. డాక్టరుగారు తెల్లబోయారు గానీ, ఎంతైనా ప్రభుత్వ డాక్టరు, ఇట్టే తేరుకున్నారు.

"ఆగి ఎన్నేళ్లయింది సార్?"

మంత్రిగారు చెవి వెనక్కి వాల్చారు. "రెండేళ్లు."

"అయితే ఆలస్యం కాలేదు. ఆవిర్లకీ నిద్రకీ ఆ చికిత్స పనికొస్తుంది. మతిమరుపుకంటారా, మాటివ్వలేను. అందరికీ పడదు కూడా. పరీక్ష చేసి చెప్పాలి."

తెరచాటున పీఏగారికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పేపర్ల నిండా ఆయనే. "మహిళల బాధను తన ఒంట్లో మోస్తున్న నేత!" టీవీల్లో పొద్దస్తమానం అదే ముక్క. మంత్రిగారు ఉబ్బితబ్బిబ్బై, పీఏగారికి ఈసారి అడక్కుండానే సెలవిచ్చేశారు.

డాక్టరుగారి ఎదుట కూర్చుని ఆవిడ గుండెల్లో బరువంతా దించేసుకుంది. ఒళ్లంతా ఆవిర్లండీ. నెలసరి ఆగిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఒక్క ముక్కా గుర్తుండట్లేదు.

డాక్టరుగారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు.

"పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లంతా ఇదే అప్పజెబుతున్నారమ్మా. ఇవి మంత్రిగారి లక్షణాలు. మీకేం లేదు, కాస్త టీవీ చూడడం తగ్గించండి."