వాల్డ్‌ఫ్రీడ్‌హోఫ్‌లో గదులు కలవు

ఉద్యోగకాలమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషికి, సొంత ఇంటి బోర్డులో తప్పు దొర్లుతుందన్న ఊహే రాదు. అయినా ఆ ఉదయం పెయింటరు నిచ్చెన మీద ఉండగా, ప్రూఫులాయన కింద నిలబడి ఒక్కొక్క అక్షరాన్నీ పైకి చదివి సరిచూసుకున్నాడు.

రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ అడవి అంచున ఒక పాత ఇల్లు కొన్నారు. పైనున్న గదులు అద్దెకివ్వాలని వాళ్ళ ఆలోచన. ఆ దారిన కొండలెక్కడానికి వెళ్ళేవాళ్ళలో జర్మన్లు ఎక్కువ. "వాల్డ్‌ఫ్రీడెన్ అని పెట్టండి బావగారూ, అడవి ప్రశాంతి అని అర్థం" అన్నాడు, జర్మన్ కోర్సు సగంలో వదిలేసిన బావమరిది. బావమరిది చెప్పింది చెప్పినట్టు ఒప్పుకోవడం బావగారికి అలవాటు లేదు. నిఘంటువు తీశాడు. వాల్డ్ అంటే అడవి. ఫ్రీడెన్ అంటే శాంతి. హోఫ్ అంటే ముంగిలి. ఇంత చక్కటి ముంగిలి ఉండగా పేరులో దాన్నెందుకు వదలాలి? ఆ భాషలో మాటకు మాట అతికించి ఎంత పొడుగు పేరైనా కట్టవచ్చట. ఫ్రీడెన్‌కు తోక కోసి, ముంగిలి తగిలించి, "వాల్డ్‌ఫ్రీడ్‌హోఫ్" అని రోమన్ లిపిలో రాయించాడు. అక్షరం పొల్లుపోలేదు.

మొదట వచ్చినవాళ్ళు నడివయసు జర్మన్ దంపతులు. దారిపొడుగునా నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు బోర్డు చూసి ఠక్కున ఆగిపోయారు. మగాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇద్దరూ తలలు వంచుకుని ముంగిట్లో నెమ్మదిగా తిరిగారు. ప్రతి చెట్టుకూ ఇల్లాలు రేకు ముక్క మీద చెట్టు పేరూ, నాటిన సంవత్సరమూ రాసి కట్టింది. ఆ రేకుల ముందు చేతులు కట్టుకుని నిలబడి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయారు.

"చూశావా, పేరుకే ఎంత మర్యాదో" అన్నాడాయన.

"మర్యాద బాగానే ఉంది. గది అడగలేదేం?" అంది ఆవిడ.

తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. గేటు దగ్గర మాట కత్తితో కోసినట్టు తెగిపోయేది. ఎవరూ కళ్ళలోకి చూసేవారు కాదు. ఒకామె నిన్నగాక మొన్న నాటిన మొక్క దగ్గర కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. మంచు కమ్మిన ఒక సాయంత్రం చెట్టు మొదట్లో ఎర్రగాజు గ్లాసులో దీపం వెలుగుతోంది. పెట్టినవాళ్ళ జాడ లేదు. మర్నాడు గేటుకు, శవాల మీద ఉంచేలాంటి పూలచక్రం వేలాడుతోంది. అది చూసిన పాలవాడు ఆ రోజు నుంచి గడప తొక్కలేదు. క్యాను రోడ్డు మీదే పెట్టి, వెనక్కి చూడకుండా పోయేవాడు.

"ఏమండీ, ఈ ఇల్లు అమ్మినాయన మన దగ్గర ఏమైనా దాచాడంటారా?" అని ఇల్లాలు మెల్లగా అడిగింది. ఆయన పిచ్చి భయాలని కొట్టిపారేశాడు గానీ, ఆ పూటే తన మంచాన్ని కిటికీకి దూరంగా జరుపుకున్నాడు.

అలా ఉండగా ఒక ఉదయం, మంచు ఇంకా విడవకముందే, నల్లకోటు వేసుకున్న ముసలాయన వచ్చాడు. గుడ్డ చుట్టిన పెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. వచ్చీరాని భాషలో, చోటుందా అని అడిగాడు.

ప్రూఫులాయనకు ప్రాణం లేచొచ్చింది. "ఉంది, రండి. ఎంతమందికి?"

"ఇప్పుడు నా భార్యకి. తర్వాత నాకు."

"ఆవిడ వెనకాల వస్తున్నారా?"

ముసలాయన పెట్టె వైపు చూశాడు. "వచ్చేసింది."

ప్రూఫులాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా వచ్చిన ఒక్క బేరాన్నీ పోగొట్టుకోలేక, ఎన్నాళ్ళుంటారని అడిగాడు. ఎప్పటికీ అన్నాడు ముసలాయన. లోపలి నుంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చిన ఇల్లాలు ఆ చివరిమాటే విని సంబరపడింది.

"ఆవిడకి ఎండ పడే వైపు కావాలా, నీడ కావాలా?"

ముసలాయన పెట్టె మీద గుడ్డ సర్దాడు. "ఎండ" అన్నాడు.

తక్కినవాళ్ళు ఎక్కడ పడుకున్నారని ఆయన అడగడం, ఇంతవరకు ఇక్కడెవరూ పడుకోలేదని వీళ్ళు చెప్పడం, ఇలా నాలుగు మాటలు నడిచాక చిక్కు విడింది. ముసలాయన బోర్డు చూపించి, "ముక్కలు ముక్కలుగా అయితే అడవి, శాంతి, ముంగిలి, నిజమే. కలిపితే అడవిలో శ్మశానం. మా దేశంలో ఇలాగే చెట్టు కింద చితాభస్మం పెట్టి, చెట్టుకు పేరు కడతారు" అన్నాడు.

ప్రూఫులాయన మెట్టు మీద కూలబడ్డాడు. ఎందరో పండితుల రాతల్ని ఎర్రసిరాతో చీల్చి చెండాడిన చేతులతోనే తల పట్టుకున్నాడు. భార్య వెళ్ళి నిచ్చెన తెచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

ఆయన లేచి ముసలాయనకు క్షమాపణ చెప్పుకున్నాడు. ముసలాయన మాత్రం కదల్లేదు. ఆయన తిరిగిన ప్రతి శ్మశానంలోనూ నిబంధనలు చదివి వినిపించారట. తన భార్యకు ఏది ఇష్టమో అడిగింది ఈ ఇంట్లోనేనట.

భర్త భార్య వైపు చూశాడు. ఆవిడ తూర్పున, మంచు విడి అప్పుడే ఎండపొడ పడిన చెట్టు వైపు చూసింది.

"ఉండనివ్వండి. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనిషిని పొమ్మంటామా" అంది.

ఆ వారమే బోర్డు మీద బావమరిది చెప్పిన పేరు ఎక్కింది. అతిథులు రావడం మొదలైంది. ఒకరికి నీళ్ళు చల్లన, ఒకరికి పరుపు గట్టి, మరొకరికి తెల్లారగట్ల పిట్టల గోల. ఆ ఇంట్లో దిగినవాళ్ళందరిలోనూ ఇంతవరకు ఏ ఫిర్యాదూ చెయ్యనిది తూర్పువైపు చెట్టు కిందావిడ ఒక్కతే.