ఇంకో ముచ్చట చెప్పు సార్

భూగోళాన్ని చల్లబరిచే మహత్కార్యం బయ్యారం దగ్గరి గుట్టకింది తండాలో విజయవంతంగా మొదలైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. చల్లబరిచేది విశ్వదీప్తి ఎలక్ట్రానిక్స్ అనే పెద్ద టీవీల కంపెనీ. తన కర్బన ఉద్గారాలను, అంటే తన వల్ల గాలిలో కలిసే పొగను, 2011 ఆఖరుకల్లా సగం చేస్తానని అది పట్నంలో ఓ పెద్ద హోటల్లో ప్రతిజ్ఞ చేసింది. చేసి వచ్చి ఫ్యాక్టరీని రెండింతలు పెంచింది. ప్రతిజ్ఞ వేరు, వ్యాపారం వేరు అని తెలిసిన పెద్దమనుషులు వాళ్లు.

గడువు దగ్గరపడ్డాక కంపెనీలోని వాతావరణ ప్రతిజ్ఞల విభాగం ఉపాధ్యక్షులవారికి ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. పొగ ఫ్యాక్టరీలోనే కాదు, టీవీ కొన్నవాడి ఇంట్లోనూ పుడుతుంది. టీవీకి కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కాలాలి. కనుక కొన్నవాడి ఇంట్లో కరెంటు లేకపోతే ఆ పొగ తగ్గించింది కంపెనీయే.

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. భూపాలపల్లిలో బొగ్గుబాయిలు బందయ్యాయి, ఊళ్లలో కోతలు పెరిగాయి. జనం తెలంగాణ కోసం ఇష్టపడి చీకట్లో కూర్చున్నారు. కంపెనీ ఆ చీకటిని కూడా తన ఘనకార్యంగానే ప్రకటించుకుంది.

గుట్టకింది తండా అందరికన్నా ముందుంది. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ సమ్మెకు ముందే కాలిపోయింది. రాధాబాయి ఇంట్లో విశ్వదీప్తి టీవీ తువ్వాల కప్పుకొని ఉంది, దాని అట్టపెట్టెలో కోడి పొదుగుతోంది. కంపెనీ నివేదికలో టీవీని ‘కర్బన రహిత వినియోగం’ అనీ, కోడిని ‘జీవవైవిధ్యం’ అనీ రాశారు. ఇంటి వెనక ఆమె వరి పొట్టకొచ్చిందనీ, బోరు మోటారు తిరగక మడి నెర్రెలు బారిందనీ రాయడానికి అందులో చోటు లేకపోయింది.

కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మహబూబాబాద్ తీసుకెళ్లి బాగు చేయించడానికి రాధాబాయి భర్త చందూలాల్ ట్రాక్టర్ మాట్లాడుకొని వచ్చాడు. అప్పటికే దాని చుట్టూ కంపెనీవాళ్ల కంచె ఉంది, కంచెకు ‘శూన్య ఉద్గార తండా, ముట్టరాదు’ అని బోర్డు ఉంది.

“సార్, గిది బాగు చేపియ్యకుంటే మా వరి ఎండుతది. సమ్మెల ఇచ్చే గా రెండు గంటల కరెంటన్న మోటరుకు రావాలె గద” అంది రాధాబాయి.

“బాగు చేయిస్తే మా ప్రతిజ్ఞ ఎండిపోతుందమ్మా! డిసెంబరు ముప్పై ఒకటి దాటనివ్వండి” అన్నారు బోర్డు చూసుకోవడానికి వచ్చిన ఉపాధ్యక్షులవారు ఎంతో ఆప్యాయంగా.

వరికి ఆ తేదీ సంగతి తెలియదు.

ఆదివారం సన్మాన సభ పెట్టారు. చీకటిని కాపాడినందుకు తండాకు బహుమతి ఒక కొత్త టీవీ. మైకుకు, వేదిక మీది ఫ్యాన్లకు కరెంటు కావాలి కనుక హైదరాబాద్ నుంచి లారీ మీద పెద్ద డీజిల్ జనరేటర్ తెచ్చారు. దాని చప్పుడు సభకు అడ్డం రాకుండా రాధాబాయి మడి గట్టున దించి, గుడుగుడుమని నల్లటి పొగతో నడిపించారు.

దాన్ని చూసి రాధాబాయి తన మరిది జైపాల్‌తో లంబాడీలో రెండు మాటలంది. జైపాల్ చుట్టుపక్కల తండాలన్నిటికీ మోటార్ల మెకానిక్. తమను స్థానిక భాషలో దీవిస్తున్నారనుకొని ఉపాధ్యక్షులవారు నమస్కారం పెట్టారు. కాసేపటికి వేదిక మీది ఫ్యాన్లు కొంచెం నెమ్మదించాయి, మడిలో బోరు గొంతు విప్పింది.

“సోదర సోదరీమణులారా! ఉద్గారాలే మానవాళికి ప్రధాన శత్రువు!” అని ఉపాధ్యక్షులవారు మైకులో అందుకున్నారు.

“ఉద్గారమంటె ఏంది సార్?” రాధాబాయి లేచి అడిగింది.

“మంచి ప్రశ్న! నిఘంటువులో త్రేన్పు అనే అర్థం కూడా ఉందమ్మా.”

“తేన్పు తిన్నోళ్లకు వస్తది సార్. మాకింక రాలే. జర ఇంకో ముచ్చట చెప్పు సార్.”

జనం చప్పట్లు కొట్టారు. ఆయన మంచుకొండల గురించి చెప్పారు. మడి సగం తడిసింది. చందూలాల్ సముద్రాల సంగతి అడిగాడు. ముసలవ్వలు ఓజోను పొర క్షేమసమాచారం అడిగారు. ఇంత జ్ఞానదాహం తాను విదేశాల్లోనూ చూడలేదని ఉపాధ్యక్షులవారు కళ్లు తుడుచుకున్నారు. డీజిల్ అయిపోయేదాకా ఆయనను ఎవరూ దిగనివ్వలేదు. ఉపన్యాసం వల్ల పంట పండుతుందని నేను నమ్మింది నా జన్మలో ఆ ఒక్కసారే, చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండానే తండా మళ్లీ ఆహ్వానం పంపింది. ఆయన మళ్లీ జనరేటర్‌తో సహా విచ్చేశారు. వరి గింజ గట్టిపడేదాకా ఉపన్యాసాలు సాగాయి, కోతకొచ్చాక జనానికి వాతావరణం మీద ఆసక్తి తగ్గింది. ప్రతిజ్ఞ నెరవేరిందని కంపెనీ డిసెంబరులో పండగ చేసుకుంది. జనరేటర్ పొగను మాత్రం తండా పేర రాసింది. ఇంకా మాట్లాడమన్నది వాళ్లే కనుక అది న్యాయమే.

ఇప్పుడు విశ్వదీప్తి పెట్టె మీద పచ్చటి వరిమడి బొమ్మ, కింద ‘మా టీవీతో భూమి చల్లన’ అన్న మాట ఉంటాయి. ఆ మడి రాధాబాయిది, తడిసింది కంపెనీ డీజిల్‌తో. భూమి మీద ప్రేమ ఉన్న చదువుకున్నవాళ్లం మనం. ఆ బొమ్మ చూసి కరిగిపోయి, చక్కగా పనిచేస్తున్న పాత టీవీని అటక మీద పడేసి, కొత్తది తెచ్చుకున్నాం. మీ ఇంట్లోదీ అదే కదూ?