జీరో డ్యామేజ్ వార్డులో మా ఇంటి కప్పు

"మన వార్డులో గాలివాన నష్టం సున్నా! జీరో డ్యామేజ్! ఇదంతా మీ పార్షద్ మురళీమోహన్ భయ్యా ముందుచూపు!"

గాలివాన వచ్చిన మర్నాడు పొద్దున్నే, ఆటోకి కట్టిన మైకు మా వీధిలో ఈ శుభవార్త చెప్పుకుంటూ వెళ్ళింది. రాయపూర్‌లో కార్పొరేటర్‌ని పార్షద్ అంటారు. ఆ సమయానికి నేనూ, మా ఆడపడుచు దాలమ్మా ముందుగదిలో గొడుగు కింద కూర్చుని కాఫీ తాగుతున్నాం. రాత్రి మా రేకుల కప్పు మొత్తం లేచి, వార్డు చివరి మురుగుకాలువ, అదే నాలా, దాటి వెళ్ళిపోయింది.

"ఏటొదినా, నట్టం సున్నా అంతన్నాడు! మరి మన రేకులేటయ్యాయి?"

"సున్నాలో కలిసిపోయాయి. కాఫీలో చినుకులు పడుతున్నాయి, తాగెయ్."

ఇంకొకరైతే వీధులన్నీ తిరిగి, కళ్ళతో చూసి, అప్పుడు చెబుతారు. మురళీమోహన్ గడప దిగకుండానే చెప్పేశాడు. నాయకుడంటే అలా ఉండాలి.

మా ఆయన రైల్వేలో ఉండగా ఇంటికి బీమా చేయించారు. పోయేముందు "అది మాత్రం మానకు" అన్నారు. మానలేదు. బీమా ఆఫీసులో అమ్మాయి చాలా మర్యాదగా రెండు ముక్కలు చెప్పింది. సర్వేయర్ వచ్చి చూసేదాకా ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదు. గాలివానకి నష్టం జరిగిందని పార్షద్ ఉత్తరం ఇవ్వాలి.

దాలమ్మకి ఉబ్బసం. తడి తగిలితే పిల్లికూతలే. "వానలు పడీలోగా కప్పు పడకపోతే నాను పార్వతీపురం తమ్ముడి కాడికెల్పోతానొదినా. మళ్ళీ వస్తాన్లే" అంది. టికెట్ కూడా తీయించుకుంది. మళ్ళీ వస్తానని రాయపూర్ స్టేషన్లో బండెక్కిన మావాళ్ళెవరూ తిరిగి రాలేదు. అందుకే ఎవరినీ సాగనంపడానికి స్టేషన్‌కి వెళ్ళడం నేను మానేశాను.

మురళీమోహన్ ఇల్లు మా పెరటిగోడకి అవతలే. మేం వెళ్ళేసరికి డాబా మీది మీటింగు హాలుకి నిండుగా షామియానా కట్టి ఉంది. ఎర్ర గుడ్డ మీద టార్పాలిన్ కూడా వేయించాడు. హాలుకి షామియానా ఏమిటి, దానికి టార్పాలిన్ ఏమిటి అని మామూలు మనుషులు అడుగుతారు. గొప్పవాళ్ళు ఏది చేసినా రెండు పొరలుగా చేస్తారు.

"అరే, ఆవో పిన్నీ! జీరో డ్యామేజ్ అవార్డు ఇస్తున్నారు మనకి. జోన్ ఆఫీసర్ సాబ్ స్వయంగా వస్తాడు. మీరు ఫస్ట్ లైన్లో కూర్చోవాలె."

"మా కప్పు ఎగిరిపోయింది బాబూ. నష్టం జరిగిందని ఒక ఉత్తరం రాసివ్వు."

అతని ముఖంలో నిజంగా బాధ కనిపించింది. "ఒక్క ఇల్లు పోయిందని రాస్తే జీరో ఎట్ల అయితది పిన్నీ? అవార్డు గయా! అచ్ఛా, రేకులు ఎక్కడ పడ్డాయి?"

"నాలా అవతల."

"నాలా అవతల పక్క వార్డు. అంటే నష్టం అక్కడ జరిగింది! వాళ్ళ పార్షద్ దగ్గరికి పోండి. టెన్షన్ నై లేనే కా."

పక్క వార్డు పార్షద్ కుర్చీ వేయించి, నీళ్ళిప్పించి, మేం చెప్పిందంతా విన్నాడు. మా రేకులు అప్పటికే అక్కడి గోశాల మీద ఉన్నాయి. 'గాలివాన సహాయం, పార్షద్ గారి సౌజన్యం' అని పక్కన బోర్డు. "రేకులు మా దగ్గరున్నాయి గానీ, కప్పులేని ఇల్లు మా వార్డులో లేదు మాతాజీ" అన్నాడు. అదీ నిజమే. ఆవులు మమ్మల్ని కృతజ్ఞతగా చూశాయి.

తిరిగొచ్చి మళ్ళీ అడిగితే, గాలి ఆడక మేమే కప్పు తీయించుకున్నామని రాసిమ్మంటే వెంటనే రాసిస్తానన్నాడు మురళీమోహన్. పాపం, తన చేతనైనంత చేశాడు.

అవార్డు రోజున పిలవకపోయినా వెళ్ళేవాళ్ళం. ఆఖరిసారి అడుగుదామని నా ఆశ. దాలమ్మ సంచి అప్పటికే సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. జోన్ ఆఫీసర్ జ్ఞాపిక ఇస్తుండగా, మెడలో కెమెరా, చేతిలో టేపుతో ఒకాయన మెట్లెక్కి వచ్చాడు.

"నేను బీమా సర్వేయర్ వర్మని. గాలివానకి కప్పు పోయిన ఇల్లు ఇదేనా?"

నా ప్రాణం లేచొచ్చింది. "మాదే బాబూ! ఇది కాదు, గోడ అవతల."

ఆయన కాగితం చూసుకున్నాడు. "కాదు మాతాజీ. పేరు మురళీమోహన్. చిరునామా నాలా వైపు గేటు, పక్క వార్డు. అక్కడి పార్షద్ ఉత్తరం కూడా జత చేశారు."

ఆ ఇద్దరు పార్షద్‌లూ పదేళ్ళుగా మాట్లాడుకోరు. ఉత్తరాలు మాత్రం ఆపలేదన్నమాట.

వర్మగారికి సన్మానాల సంగతి పట్టదు. టెంటువాళ్ళని పిలిచి ఫోటోకి అడ్డంగా ఉందని షామియానా విప్పించాడు. గుడ్డ జారింది, టార్పాలిన్ జారింది. అవార్డు పట్టుకున్న మురళీమోహన్ నెత్తిమీద నీలంగా ఆకాశం. ఒక గద్ద తిరుగుతోంది.

జోన్ ఆఫీసర్ పైకి చూశాడు.

"ఓపెన్ ఎయిర్ హాల్ సర్! న్యూ కాన్సెప్ట్!" అన్నాడు మురళీమోహన్. ఆఫీసర్ చప్పట్లు కొట్టాడు. అందరం కొట్టాం.

"కప్పు ఎగరడం చూసిన పొరుగువాళ్ళు ఎవరైనా సంతకం పెట్టాలి" అన్నాడు వర్మ.

మురళీమోహన్ వేదిక దిగి మా దగ్గరికొచ్చి వంగాడు. "పిన్నీ, ఒక చిన్న సైన్..."

దాలమ్మ లేచింది. "సూసేం బాబూ. ఎందుకు సూడం?"

"అంత చీకట్లో, ఇంట్లో ఉండి ఎలా చూశారు?" అడిగాడు వర్మ.

"మెరుపులున్నాయి కదా. మా కప్పు ముందే ఎగిరిపోనాది. ఎల్లకిలా తొంగుని సూస్తంటే, ఈ బాబు రేకులు మా మీంచే ఎల్లేయి. మా కప్పే ఉంటే మాకేటి కనపడతాది?"

వర్మ అంతా రాసుకున్నాడు. "పార్షద్‌జీ, వీళ్ళ కప్పు ముందే పోయిందా? పోకపోతే ఈ సాక్ష్యం చెల్లదు."

మురళీమోహన్ తన చేతిలో అవార్డు చూశాడు, వర్మ చేతిలో ఫైలు చూశాడు. "హా... పోయింది" అన్నాడు.

"అయితే అదీ రాసివ్వండి."

లోపలికెళ్ళి, చాలాసేపు ఆలోచించి రాసిచ్చాడు.

ఆ ఉత్తరంతో బీమా సొమ్ము వచ్చి, తొలకరికి ముందే మా ఇంటికి కొత్త రేకులు పడ్డాయి. దాలమ్మ టికెట్ క్యాన్సిల్ చేయించుకుని, సంచి విప్పి చీరలు బీరువాలో పెట్టుకుంది. ఆ పొద్దున్నే మైకు ఆటో మళ్ళీ వచ్చింది.

"మన వార్డులో నష్టం సున్నా! పక్క వార్డులో రెండిళ్ళ కప్పులు ఎగిరిపోయినా, మన వార్డు చెక్కుచెదరలేదు!"

మా ఇంటికి ఒక గుమ్మం ముందే ఆటో ఆగి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఒదినా, మనం నాలా అవతలికి ఎప్పుడెల్పోయేం?"

"తెలీదే. సామాను కూడా సర్దుకోలేదు."

దాలమ్మ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.