అభిప్రాయం తేలేవరకు పదిహేడేళ్లు

పట్టణ ప్రణాళిక ఆమోదం పొందేవరకు, దానిపై అభిప్రాయం చెప్పిన యువతకు వయసు పెరగరాదని మునగలేరు పురపాలక సంఘం తీర్మానించిన నాటి నుంచి నళినికి పదిహేడేళ్లే. ఆమె చెల్లెలు మాలతి మాత్రం ఏ ఆటంకమూ లేకుండా ఎదిగి, పెళ్లాడి, జుట్టు నెరిసి, కంటిశుక్లాల ఆపరేషన్ కూడా చేయించుకుంది.

తీర్మానంలో తర్కదోషమేమీ లేదు. ప్రణాళికకు యువత అభిప్రాయం తప్పనిసరి. కానీ నివేదిక సిద్ధమయ్యేలోగా ఆ యువత పెద్దవాళ్లైపోతున్నారు. దాంతో అది యువత అభిప్రాయం కాకుండా పోతోంది, మళ్లీ మొదటినుంచి సేకరించవలసి వస్తోంది. ఈ వృథాను అరికట్టడానికి రెండు మార్గాలు కనిపించాయి. నివేదికను త్వరగా రాయడం ఆచరణసాధ్యం కాదని తేలినందున రెండోదాన్ని ఎంచుకున్నారు.

ఆనాటి సమావేశంలో వార్డు పటాన్ని బల్ల మీద పరిచి, వచ్చిన ప్రతివారికీ ఒక పచ్చ చీటీ, ఒక గుండుసూది, టీ, బిస్కెట్లు ఇచ్చారు. నళిని తన చీటీని మూతపడిన నూనె మిల్లు స్థలంలో గుచ్చింది. ‘ఆడపిల్లలు ఆడుకునే మైదానం. చీకటి పడ్డా ఉండగలిగేలా ఒక దీపం’ అని దానిమీద రాసింది. వార్డులో ఉన్న ఖాళీ జాగాలన్నీ కలిపినా మగపిల్లల క్రికెట్‌కే చాలేవి కావు. అందువల్ల అక్కాచెల్లెళ్లు మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన షటిల్ ఆడేవారు. కాక్ వీధిలో పడితే ఆ రోజుకు ఆట ముగిసేది.

వయసు ఆగిన సంగతిని వైద్యులు శాస్త్రీయంగానే ధ్రువీకరించారు. మణికట్టు ఎక్స్‌రేలో ఎముకల చివర్లు ఇంకా అతుక్కోలేదు, అతుక్కునే ప్రయత్నమూ కనిపించలేదు. దీనికి కారణమేమిటో పరిశోధించాలని హైస్కూలు జీవశాస్త్ర ఉపాధ్యాయుడొకరు పురపాలక సంఘాన్ని కోరారు. పరిశోధన అవసరమా కాదా అన్నదానిపై ముందుగా ప్రజాభిప్రాయం సేకరిస్తామని జవాబు వచ్చింది. ఆయన పదవీ విరమణ చేశారు. నళిని ఇంటర్ రెండో సంవత్సరంలోనే ఉండిపోయింది. క్విజ్ పోటీల్లో ఒకప్పుడు గ్రహాలు తొమ్మిదని చెప్పి బహుమతి అందుకున్న ఆమె, తర్వాత్తర్వాత ఎనిమిదని చెప్పి అందుకుంది.

అభిప్రాయాన్ని వెనక్కి తీసుకునే హక్కు అందరికీ ఉంది. సూది పీకితే చాలు, ఆగిన ఏళ్లన్నీ కాసేపట్లో వచ్చి చేరతాయి. నళినితోపాటు చీటీలు గుచ్చినవారంతా ఒక్కొక్కరే వెళ్లి పీకేశారు. వారిలో ప్రకాశరావు అనే కుర్రవాడు ఈల వేస్తూ కార్యాలయం మెట్లెక్కి, రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగాడు. చివరికి పటం మీద నళిని చీటీ ఒక్కటే మిగిలింది.

ఉగాది నాడు పచ్చడి తిన్నాక పిల్లల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, ఎత్తును పెన్సిల్‌తో గుర్తుపెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. తల్లి పోయాక ఆ పని మాలతి చేపట్టింది. నళిని గీత మీదే మళ్లీ మళ్లీ గీయడంతో చెక్కలో గాడి పడింది.

“నిటారుగా నిలబడు అక్కా. ఈ ఏడూ అక్కడే.”

“సరిగ్గా చూడవే.”

“కళ్లు బాగుచేయించుకుని మరీ చూస్తున్నాను. పోనీలే, నీకు బట్టలైనా పొట్టి కావు.”

అలా అని నవ్విన మాలతి గుమ్మం పట్టుకుని కాసేపు నడుం ఎత్తలేకపోయింది. తర్వాత మెల్లగా అంది: “నువ్వు నాకంటే ముందు ముసలిదానివి కావాల్సింది అక్కా. ఎలా ఉంటుందో కాస్త ముందే చెప్పేదానివి.”

ఆ మాట విన్నాక, తన చీటీని వెనక్కి తీసుకోవాలని నళిని నిశ్చయించుకుంది.

తర్వాతి అభిప్రాయ సేకరణ సమావేశానికి ప్రణాళికాధికారి హోదాలో అధ్యక్షత వహించినది మాలతి కొడుకు సుధాంశు. అతని కూతురు, పదహారేళ్ల సంహిత, కాలేజీ పిల్లలతో కలిసి వెనక వరసలో బిస్కెట్లు తింటోంది.

“సుధా, నా చీటీ తీసేస్తానురా” అంది నళిని.

“పెద్దమ్మా, ఇక్కడ వరసలు కుదరవు. యువతగారూ, తీసేస్తే ఆ స్థలంపై యువతకు ఆసక్తి లేదని రాసుకోవాలి. పార్కింగ్ భవనం వస్తుంది.”

“తెలుసు. మీ అమ్మ నడక చూస్తున్నావా?”

“చూస్తున్నాను” అన్నాడతను పటం వైపు చూస్తూ.

నళిని తుప్పుపట్టిన సూదిని పీకింది. వేళ్ల మీద చర్మం సన్నగా ముడత పడసాగింది. అంతలో సంహిత ముందుకు వచ్చి, ఖాళీ అయిన చోట తన చీటీ గుచ్చింది.

“ఒక్క దీపం ఏం సరిపోతుంది పెద్ద నానమ్మా? నేను నాలుగు రాశాను.”

“తీసెయ్ తల్లీ. ఇది తేలేవరకు నువ్వు పెరగవు.”

“అబ్బా, మీ రోజుల్లో ఆలస్యమయ్యేది. ఇప్పుడంతా ఆన్‌లైన్.”

నళిని సుధాంశు వైపు తిరిగింది. “నీ కూతురికి నువ్వైనా చెప్పరా.”

“తండ్రిగా అయితే వద్దనేవాణ్ని. యువత భాగస్వామ్యాన్ని నిరుత్సాహపరిచే అధికారం అధికారికి లేదు” అన్నాడు సుధాంశు. మంచినీళ్లు తాగాక సమావేశాన్ని కొనసాగించాడు.

మైదానానికి ఇక వచ్చిన నష్టమేమీ లేదు. దాన్ని కోరేవారు ఒకరున్నారు. నళిని ఇంటికి వెళ్లి చెల్లెలి పక్కన ముసలిదానిలా కూర్చోవచ్చు. ఆమె వెనక వరస వైపు చూసింది. మిగిలిన పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. కాసేపటికి వాళ్లూ పెరిగి పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. పటం మీద చీటీ ఒక్కటే ఉంటే ఎలా ఉంటుందో నళినికి తెలుసు. ఏళ్లన్నీ వచ్చి చేరకముందే ఆమె తన సూదిని సంహిత సూది పక్కనే మళ్లీ గుచ్చింది. వేళ్లు నునుపుగా మారాయి.

వాకిట్లో ఎదురుచూస్తున్న మాలతి అక్కను పైనుంచి కిందికి చూసింది. “అలాగే వచ్చావే” అంది. కారణం విన్నాక లోపలికి వెళ్లింది. అక్కకూ, వెంట వచ్చిన మనవరాలికీ పెరుగన్నం కలిపి పెట్టింది.

యువత భాగస్వామ్యం రెట్టింపైందని ఆ ఏటి నివేదికలో నమోదైంది. రాష్ట్రస్థాయి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. తర్వాతి ఉగాదికి సంహిత గీత పాత చోటే పడింది. ఆ పై ఉగాదికీ అంతే. మాలతి పెన్సిల్ చెక్కుకుని రెండు గీతలనూ దిద్దింది.

ఆ సాయంత్రం మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నళిని, సంహిత షటిల్ ఆడారు. మాలతి కుర్చీలో కూర్చుని ఎవరు గెలుస్తున్నారో చెబుతోంది. కాసేపటికి కాక్ పిట్టగోడ దాటి వీధిలో పడింది. ముగ్గురూ కిందికి తొంగి చూశారు. ఆ రోజుకు ఆట ముగిసింది.