అడ్డంగా ఊపిన తల

ఆ రోజు పొద్దున్న మెతోది వేసుకున్న పథకం చాలా చిన్నది. చీజు కూరిన వేడివేడి బనిత్సా రొట్టె తినాలి, సర్వరుకు డిస్కుల పెట్టె ఎంచుకోవాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాలి. ఊరి రేడియోలో పాత రికార్డులకు అతనే కాపలా. పాటలు మరెక్కడైనా దొరుకుతాయి. ఇరవై ఏడేళ్లు అక్కడ వాతావరణం చదివిన డొబ్రినా గొంతు మాత్రం ఎనిమిది పాత కంప్యూటరు డిస్కుల్లో తప్ప ఎక్కడా లేదు. టేపులు నేలమాళిగలో బూజుపట్టి ఎప్పుడో చెత్తకుప్పకు వెళ్లాయి.

డొబ్రినా మెతోది భార్య. వచ్చే నెలకు ఆవిడ పోయి ఏడాది. ఆ రోజున ఆ గొంతు ఒక్కసారి వినాలని అతని కోరిక. డిస్కులేమో ముట్టుకుంటే కిర్రుమంటున్నాయి. వినబోతే ఉన్నదీ పోతుందని భయపడి, కొత్త సర్వరులోకి ఎక్కించాకే విందామని ఏడాదిగా వినకుండా దాచుకున్నాడు.

కొత్త సర్వరు అమర్చడానికి వచ్చిన ఆసెన్ నలభై ఏళ్లవాడు. పదేళ్లు మ్యూనిక్‌లో పనిచేసి కిందటి వారమే తిరిగొచ్చాడు. చిక్కంతా అక్కడే ఉంది. మా బల్గేరియాలో తల అడ్డంగా ఊపితే అవును, నిలువుగా ఊపితే కాదు. జర్మనీవాళ్లది సరిగ్గా తిరగేసిన లెక్క. "పాపం, వీడికి అక్కడి అలవాటే ఉండిపోయి ఉంటుంది" అనుకుని మెతోది ఆ పూటకు జర్మనీ తల పెట్టుకున్నాడు. "మన ఊళ్లో మన పద్ధతే" అనుకుని ఆసెన్ అప్పటికే బల్గేరియా తలకు మారిపోయాడు. ఇద్దరూ మర్యాదస్తులే. కొంపలు ముంచేది అలాంటివాళ్లే.

"డిస్కుల్ని సర్వరుకి కలిపే కార్డులు రెండు రకాలు బాబాయ్," అన్నాడు ఆసెన్ కేటలాగు పరుస్తూ. "సాదా కార్డు డిస్కుల్ని ఉన్నవున్నట్టే సర్వరుకి అప్పజెబుతుంది. రెండోది పెత్తందారు. అన్నింటినీ తన కిందకి తెచ్చుకుని, పాతవి తుడిచేస్తే గానీ పని మొదలెట్టదు. సాదాదే తీసుకుందామా?"

మెతోది నోటి నిండా బనిత్సా. ఔనని నిలువుగా తలాడించాడు.

"సరే, నీ ఇష్టం," అంటూ ఆసెన్ పెత్తందారు కార్డు రాసుకున్నాడు. "ఇక పెట్టె. ఇందులో అరవై డిస్కులు పడతాయి. ఫ్యాన్లు మాత్రం విమానంలా మోగుతాయి. పర్లేదా?"

వద్దు బాబోయ్ అన్నట్టు మెతోది అడ్డంగా ఊపాడు.

"గట్టి గుండే బాబాయ్ నీది!" అని ఆసెన్ అదీ రాసుకున్నాడు. మెచ్చుకుంటున్నాడు కాబోలనుకుని మెతోది ఇంకో ముక్క బనిత్సా అతని ముందుకు తోశాడు.

వారానికి పెట్టె వచ్చింది. మీట నొక్కగానే పక్కగదిలో వార్తలు చదువుతున్న అమ్మాయి గొంతు మునిగిపోయింది. ఊళ్లో విమానం దిగుతోందా అని ముగ్గురు శ్రోతలు ఫోన్ చేశారు. డైరెక్టరమ్మ పరుగున వచ్చి అద్దాల గది తలుపు మూయించింది. లోపల ఆసెన్, బయట మెతోది. అరిచినా వినపడదు. ఆసెన్ పాత డిస్కులు ఎనిమిదీ కొత్తవాటి పక్కన దూర్చి, కార్డు అడిగిన ప్రశ్నను కాగితం మీద రాసి అద్దానికి ఆనించాడు: "పాతవన్నీ తుడిచెయ్యనా?"

 మెతోది రెండు చేతులతో అద్దం బాదుతూ, టోపీ ఎగిరిపడేలా తల అడ్డంగా ఊపాడు. ఇంత హుషారున్న ముసలాయన్ని మ్యూనిక్‌లో కూడా చూడలేదనుకుంటూ ఆసెన్ నొక్కేశాడు.

తలుపు తీశాక గానీ సంగతి బయటపడలేదు.

"వద్దన్నాను కదరా! మీ జర్మనీలో వద్దంటే అదే కదా!"

"మనం జర్మనీలో లేం కదా బాబాయ్! నకలు ఉందనుకున్నాను. లేకపోతే ఆ కార్డెందుకు కోరతావు?"

మెతోది కుర్చీలో కూలబడ్డాడు. "ఒక్కసారి వినుంటే చెవుల్లోనైనా ఉండేది," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆసెన్ ఏం చెయ్యాలో తోచక పెట్టె ఆపేశాడు. 

రెండ్రోజుల తర్వాత, జోరువానలో, ఆసెన్ తల్లి వెలిచ్కా కొడుకు చేత పాత క్యాసెట్ ప్లేయరు మోయించుకుంటూ రేడియోకు వచ్చింది.

"ఈ సన్నాసి చేసిన పని విన్నాను అన్నయ్యా. పెళ్లికి ముందు నేను రేడియోలో వచ్చే పాటలు క్యాసెట్లకి పట్టుకునేదాన్ని. ప్రతి పాట మొదట్లోనూ వదిన దూరిపోయేది! ఎన్ని తిట్లు తిట్టుకున్నానో. ఇదొక్కటే మిగిలింది."

అకార్డియన్ మొదలైంది. దాని మీద డొబ్రినా తాపీగా అంది: "రేపు జిల్లా అంతటా ఎండ కాస్తుంది. ఒక్క చినుకు కూడా పడదు." తర్వాత పాట ఆవిడను మింగేసింది. మొత్తం పదకొండు సెకన్లు. మెతోది నాలుగుసార్లు వేయించుకుని విన్నాడు. ముఖం తుడుచుకుని లేచాడు.

"గొడుగు, అన్నయ్యా! బయట కుండపోత!" అని వెలిచ్కా వెనకనుంచి కేకేసింది.

నలభై ఏళ్ల కాపురంలో మెతోది పెళ్లాం మాటకు ఎదురు చెప్పి ఎరగడు. గొడుగు అక్కడే వదిలేసి, తడుస్తూ ఇంటికి నడిచాడు.