ఎడమ బూటు మూడో గుండీ

సేనాధిపతి విగ్రహంలో దాలమ్మ భర్త గవరయ్య ఎడమ బూటు మీది మూడో గుండీగా ఉంటున్నాడు. పందొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. సరిహద్దు యుద్ధం గెలిచి సేనాధిపతి క్షేమంగా తిరిగివచ్చాడు. ఆయన వెంట వెళ్లినవాళ్లలో ఈ జిల్లావాళ్లు ఆరువందల పదకొండు మంది రాలేదు, శవాలూ దొరకలేదు. దొరకనివాళ్లను ఎక్కడో ఒకచోట చూపించాలి కాబట్టి, కచేరీ కూడలిలో సేనాధిపతి కంచు విగ్రహం నిలబెట్టినప్పుడు వాళ్లందరినీ అందులో కలిపేశారు. ఎవరు ఏ భాగంలో ఉన్నదీ కేటాయింపుల ఆఫీసు ఇంటింటికీ ఉత్తరం రాసి తెలియజేసింది.

మనుషులున్న భాగాలు వెచ్చగా ఉంటాయి. అందులో వింతేమీ లేదు. ఏటా ఒకసారి ఇంజనీరు వచ్చి, థర్మామీటరు ఆనించి చూసి, అంకె రాసుకుని వెళతాడు. గవరయ్యకు ఎప్పుడూ జ్వరం రాలేదు.

శనివారం ఉదయం ఎవరి భాగం వాళ్లు వచ్చి తోముకోవాలని నియమం. టోపీవాళ్లు, ముఖంవాళ్లు, భుజాలవాళ్లు నిచ్చెన దగ్గర వరసలో నిలబడతారు. దాలమ్మకు నిచ్చెన అక్కర్లేదు. మోకాళ్ల మీద కూర్చుని, చింతపండుతో గుండీని రుద్ది, కొంగుతో తుడిచి, దాని మీద బొటనవేలు ఆనించి కాసేపు ఉండిపోతుంది. ఒకసారి ఆమె గుండీ సేనాధిపతి ముఖం కంటే ఎక్కువ మెరుస్తోందని ఆఫీసు నోటీసు పంపింది. అప్పటినుంచి ఆఖర్న కాస్త బూడిద పూసి వస్తోంది.

ఆమెకు కావలసింది ముఖం. పెళ్లయ్యాక గవరయ్యతో ఉన్నది నలభై ఒక్క రోజులే. ఉన్న ఒక్క ఫోటోలో అతను మూడో వరసలో నిలబడ్డాడు, ముందువాడి టోపీ అడ్డం వచ్చింది. మొదట్లో కళ్లు మూసుకుంటే చాలు, వచ్చేవాడు. గంజన్నంలో పచ్చిమిరపకాయ కొరికి, కళ్లనీళ్లు కారుతుంటే నవ్వేవాడు. కొన్నేళ్లకు నవ్వు మిగిలి కళ్లు పోయాయి. తర్వాత నవ్వూ పోయింది. ఇప్పుడు గవరయ్య అనుకోగానే గుండీ కనిపిస్తుంది. కలలో కూడా చాప మీద తన పక్కన గుండీయే పడుకుని ఉంటుంది. చలి వేస్తుందేమోనని ఆమె దానికి దుప్పటి కప్పుతుంది.

ముఖంలోకి మార్చమని ఆమె పదకొండుసార్లు దరఖాస్తు పెట్టుకుంది. ముఖ భాగాలు నిండి ఉన్నవని పదకొండుసార్లూ జవాబు వచ్చింది.

ఈ ఏడు ప్రభుత్వం విగ్రహం చాలడం లేదని గ్రహించింది. పాతదాన్ని కరిగించి, దానికి మరింత కంచు చేర్చి, ఎనిమిది రెట్లు ఎత్తున కొత్తది పోయాలని తీర్మానించారు. కొత్త విగ్రహానికి తాళ్ల బూట్లు. గుండీలు లేవు. గవరయ్య చోటు రద్దయిందని, మూడు రోజుల్లో వచ్చి మరో భాగం ఎంచుకోమని దాలమ్మకు ఉత్తరం వచ్చింది.

గుమాస్తా పట్నాయక్ ఆమెను కూర్చోబెట్టాడు. "మీ అదృష్టం బాగుందమ్మా. ఎడమ బుగ్గ ఉంది. అందులో ఉన్న కుర్రాణ్ని చూసుకునే తల్లి పోయింది. తోమేవాళ్లు లేనివాళ్లను మెడ వెనక్కి పంపేస్తున్నాం. ఎల్లుండి వచ్చి సంతకం పెట్టండి."

దాలమ్మకు కాళ్లు నేలమీద ఆనలేదు. తిన్నగా ఎర్నమ్మ ఇంటికి వెళ్లింది. ఇద్దరూ ఒకే వీధిలో పుట్టారు, ఒకే యుద్ధంలో మొగుళ్లను పోగొట్టుకున్నారు. ఎర్నమ్మ భర్తకు సేనాధిపతి మీసంలో ఎడమ పాయ ఇచ్చారు.

"ఓలొదినా! బుగ్గే!" అంది ఎర్నమ్మ, శుభ్రం చేస్తున్న చేపలు పక్కన పెట్టి. "ఇంక మనం ఇరుగూ పొరుగూ. నువ్వు నా నిచ్చెన మీదికే వొచ్చెయ్."

"నాకు ఆయన మొకం గురుతు లేదొదినా. బుగ్గ ముట్టుకుంటే గురుతొస్తాదేమో."

"ఎందుకు రాదూ? మా ఆయన మీసం దువ్వుకుంటా నా కళ్ల ముందరే తిరుగుతాడు. పెళ్లినాడు ఆ మీసం సూసి మాయమ్మ జడుసుకోలేదా?"

ఆ పెళ్లిలో పెళ్లికొడుక్కి బుగ్గన చుక్క పెట్టింది దాలమ్మే. అతని పై పెదవి మీద చెమట తప్ప ఇంకేమీ లేదు.

"అన్నకి మీసం లేదు కదొదినా?"

"నీకు మతి పోయినట్టున్నాది. లేని మీసాన్నే పందొమ్మిదేళ్లు తోమినానేటి?" ఎర్నమ్మ పకపకా నవ్వింది. నవ్వుతూనే వేళ్లతో గాలిలో మీసం మెలేసి చూపించింది. ఆ మెలిక సేనాధిపతిది.

గడువు రోజున దాలమ్మ ఆఫీసుకు వెళ్లి, సంతకం చేయవలసిన కాగితాన్ని వెనక్కి తోసింది.

"బుగ్గ వద్దు బావూ."

పట్నాయక్ కళ్లజోడు తీశాడు. "పదకొండుసార్లు అడిగారు. తీరా వస్తే వద్దంటారేమిటమ్మా? దానికోసం ఎంతమంది కాచుక్కూర్చున్నారో తెలుసా?"

"గుండీకి మొకం లేదు. అంచేత మా ఆయన మొకం పోనాదంతే, దాని సోటులోకి ఇంకొకలది రాలేదు. బుగ్గయితే సేనాపతిది వొచ్చి కూకుంటాది. మరి తియ్యలేను." ఆమె బల్ల మీదికి వంగింది. "కొత్త బొమ్మ లోపల ఏటుంటాది?"

"ఏముంటుంది? డొల్ల."

"అదెవులికైనా ఇచ్చినారా?"

పట్నాయక్ జాబితా తిరగేశాడు. చెవి తమ్మెల దగ్గర్నుంచి బూటు తాళ్ల ముడుల దాకా అన్నీ ఉన్నాయి. డొల్ల లేదు. నిబంధనల పుస్తకం తీశాడు. ఎవరికీ కేటాయించని ఏ భాగాన్నైనా అడగవచ్చునని అందులో ఉంది. డొల్ల భాగం కాదని ఎక్కడా లేదు.

"తోమడానికి లోపలికి పంపరమ్మా. కనిపించదు, చేతికి తగలదు."

"తెలుసు."

"బొమ్మలో అన్నిటికంటే పెద్ద చోటు అదే తెలుసా? ఒక్క సిపాయికి అంత చోటు..." అని గొణుగుతూనే అతను జాబితా అడుగున సిరాతో రాశాడు. దాలమ్మ సంతకం పెట్టింది.

కొత్త విగ్రహం ముసుగు తీసిన రోజున సేనాధిపతి ధైర్యం గురించి నలుగురు మాట్లాడారు. అందరూ వెళ్లిపోయాక దాలమ్మ మెట్లెక్కింది. బూటే ఆమె కన్నా ఎత్తుంది. వేలి కణుపుతో కంచు మీద కొట్టింది. చాలా లోతునుంచి, చాలా ఆలస్యంగా ఒక మోత వచ్చింది. కళ్లు మూసుకుంది. గుండీ రాలేదు. మీసమూ రాలేదు. ఏమీ రాలేదు. ఆ ఏమీ లేకపోవడం మాత్రం పూర్తిగా తనదేననిపించింది. చెయ్యి అలాగే ఆనించి, అతనికి ఇంటి కబుర్లన్నీ చెప్పింది.

నెల తిరిగేసరికి ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. కొత్త విగ్రహానికి పదమూడువందల నలభై భాగాలు. వాటిలో సగానికి పైగా మనుషులు లేక చల్లగా ఉన్నాయి. ఇలాగే ఉంటే రెండు శీతాకాలాల్లో కంచు బీటలు తీస్తుంది. ప్రభుత్వం వెంటనే స్పందించింది. సైన్యంలో చేరదలచినవాళ్లు ధ్రువపత్రాలతో కచేరీ కూడలికి రావాలనీ, ముందుగా వచ్చినవారికి కోరుకున్న భాగం ఇస్తారనీ గోడలమీద కాగితాలు అంటించారు. ఏ యుద్ధానికన్నది అందులో రాయలేదు. ఎవరూ అడగలేదు.

శనివారం దాలమ్మ వెళ్లేసరికి విగ్రహం నీడ ఎంతవరకు ఉందో అంతవరకు క్యూ ఉంది. ఒకడు ఛాతీలు కొలుస్తున్నాడు. వరసలోంచి ఒకావిడ, కొడుకు చెయ్యి వదలకుండానే, ఆమెవైపు వంగింది.

"అప్పా, నువ్వు పాతదానివంట కదా. మావోడు టోపీ మీది నచ్చత్రం కావాలంతన్నాడు. ఏది మంచిది?"

దాలమ్మ తలెత్తి నక్షత్రం వైపు చూసింది. అది మేఘాల దగ్గర ఎక్కడో ఉంది. కుర్రవాడి ముఖం వైపు కూడా చూసింది, చాలాసేపు, ఎక్కడ ఏముందో కంఠతా పడుతున్నట్టు. వెళ్లిపొమ్మని చెప్పాలనిపించింది. కాని ఇల్లు ఎక్కడ, పొలం ఎంత, వెళితే ఏం తింటారు అన్నవి తన చేతిలో లేవు. ఆవిడ అడిగింది ఒక్కటే.

"పైనవి వద్దమ్మా," అంది. "నీ సేతికి అందేది అడుగు."

ఆవిడ వెనక్కి తిరిగి కొడుకుతో చెప్పింది. కొడుకు కాస్త నిరాశగా తలూపాడు. క్యూ ఒక అడుగు ముందుకు జరిగింది.